సురభిలో నాకు నచ్చేది మాయలు కాదు

సురభి నాటకాల గురించి ఎవరు రాసినా ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే లడ్డూలతోనో, గాల్లో ఢీకొనే బాణాలతోనో మొదలుపెడతారు. అవి బాగుంటాయి, కాదనను. కానీ ఏళ్ల తరబడి చూస్తున్నవాడికి లడ్డూ ఎప్పుడు ఎగురుతుందో ముందే తెలిసిపోతుంది. అయినా మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్తావని ఇంట్లో అడుగుతుంటారు. నా జవాబు ఒక్కటే. ఒకే కుటుంబం వాళ్లు నడిపే ఆ నాటక సమాజంలో అందరికీ అన్ని పాత్రలూ నోటికి వచ్చు. ఇంకే నాటక సంస్థలోనూ నేను దీన్ని ఈ స్థాయిలో చూడలేదు.

చాలామంది దీన్ని మామూలు విషయంగా కొట్టిపారేస్తారు. ఒకే కుటుంబం కదా, వచ్చే ఉంటాయిలే అంటారు. అంత తేలిక కాదు. మనవైపు పద్య నాటకం ఆడే సమాజాల్లో కృష్ణుడంటే ఒకాయన, దుర్యోధనుడంటే ఇంకొకాయన. ఆ ఒక్క పాత్ర పట్టుకుని జీవితమంతా ఊళ్లు తిరిగిన మహానుభావులు ఉన్నారు. వాళ్ల గొప్పతనం వేరు. సురభిలో మాత్రం పిల్లలు నడక నేర్చుకునేదే రంగస్థలం మీద. బాలకృష్ణుడిగా చూసిన పిల్లవాడు కొన్నేళ్లకు అభిమన్యుడవుతాడు, ఇంకొన్నేళ్లకు మేకప్ డబ్బా పట్టుకుని తమ్ముళ్లకు రంగు వేస్తుంటాడు. ఈలోగా రోజూ పక్క నుంచి వింటూ వింటూ నాటకం మొత్తం నోటికి వచ్చేస్తుంది.

ఈ పద్ధతికి మూలం తోలుబొమ్మల్లో ఉందని నాకనిపిస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మనుషులతో కీచక వధ నాటకం ఆడించేదాకా ఆ కుటుంబాలు చేసింది బొమ్మలాటే. తెల్లటి తెర వెనక ఉన్న నలుగురైదుగురే భారతమంతా నడపాలి. ఒక్క మనిషే భీముడి గొంతూ పలకాలి, అవసరమైతే కీచకుడి గొంతూ పలకాలి. ఇంట్లో ఆడవాళ్లూ పాడాలి. అలాంటి వాళ్లు తెర ముందుకు వచ్చి నిలబడ్డారు. మిగతా చోట్ల మగవాళ్లు చీర కట్టి ద్రౌపది వేషం వేస్తున్న కాలంలో సురభిలో ఆడవాళ్లే స్త్రీ పాత్రలు వేశారు. మన మొదటి తెలుగు టాకీకి కథానాయిక కావాల్సి వస్తే సురభి కమలాబాయి గారే దొరికారంటే కారణం అదే.

కుటుంబం పెరిగింది, సమాజాలూ పెరిగాయి. కొడుకులూ కూతుళ్లూ అల్లుళ్లూ వేరుపడి సొంత సమాజాలు పెట్టుకుంటూ పోతే ఒక దశలో అవి ముప్పై దాటాయి. ఇప్పుడు ఆడుతున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి వాటిలో బాగా పేరున్నది. దాన్ని నడిపిన సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఈ చరిత్ర అందరికీ అందుబాటులో ఉన్నదే. నేను చెప్పదలుచుకున్నది ఒక సాయంత్రం సంగతి.

ఒక ఊళ్లో, ఊరి పేరు అనవసరం, అద్దె హాల్లో మాయాబజార్ వేశారు. నాకు ముందు వరసలో బాగా పక్కకు సీటు దొరికింది. స్టేజీ సగమే కనిపిస్తుందని మొదట విసుక్కున్నాను గానీ అక్కడి నుంచి ఎడమ వింగ్, అంటే నటులు వేచి ఉండే స్టేజీ పక్క చోటు, లోపలంతా కనిపిస్తోంది. తెర తాడు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. మొదటి సీన్లో చెలికత్తెగా వచ్చి వెళ్లింది, ఇంకా అదే వేషంలో ఉంది. తాడు చేతికి ఒక చుట్టు తిప్పుకుని, ఎదురుగా ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల డైలాగుకు పెదవులు కదుపుతోంది. బలరాముడు మాట్లాడితే బలరాముడికి, శశిరేఖ మాట్లాడితే శశిరేఖకు. శబ్దం లేదు, పెదవులే. నేను నాటకం వదిలేసి కాసేపు ఆమెనే చూశాను.

ఆ హాలు వాళ్ల మైకులు మొదటి నుంచీ గరగరలాడుతున్నాయి. కాసేపటికి పూర్తిగా పోయాయి. హాలు మనుషులు వచ్చి వైర్లు కదిపి చూశారు, లాభం లేదు. కృష్ణుడి వేషంలో ఉన్నాయన ఆగలేదు. వెనక వరసలకు వినపడాలని గొంతు పెంచి పద్యం మీద పద్యం లాగించారు. వయసు మళ్లిన మనిషి. ఒక పద్యం చివర రాగం తీస్తుండగా గొంతు జీరబోయింది. తర్వాతి మాట గాలిలాగే వచ్చింది, శబ్దం రాలేదు. హార్మోనియం ఆయన ఆ రాగాన్ని తనే చుట్టి ముగించేశాడు. ముందు తెర దిగింది. తెర ముందుకు హాస్యం సీను వచ్చింది. శకుని పరివారం వచ్చి నవ్విస్తుంటే జనం మైకు సంగతి కూడా మర్చిపోయారు.

నాకు మాత్రం వింగ్ కనిపిస్తోంది. కృష్ణుడాయన కిరీటం తీసి ఆ అమ్మాయి తల మీద పెడుతున్నారు. ఇంకొకావిడ భుజకీర్తులు కడుతోంది, ఒక కుర్రాడు పంచె కుచ్చిళ్లు పోస్తున్నాడు. ఎవరూ పరిగెత్తడం లేదు, ఒకరినొకరు కసురుకోవడం లేదు. తెర తాడు అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది.

హాస్యం అయిపోయి తెర లేచేసరికి ద్వారకలో కొత్త కృష్ణుడు. ప్రకటన లేదు, క్షమాపణ లేదు. కిరీటం కాస్త పెద్దదై నుదుటి మీదకు జారితే వేలితో పైకి నెట్టుకోవడం ఒక్కటే తేడా. సగం మందికి మనిషి మారిన సంగతి పద్యం ఎత్తుకునేదాకా తెలియలేదు. హార్మోనియం ఆయన ఆమె ముఖం వైపు ఒకసారి చూసి చెయ్యి జరిపి శ్రుతి మార్చాడు. ఆ అమ్మాయి మొదటి పాదం మైకు లేకుండా అందుకుంటే నా వెనక కూర్చున్న పెద్దాయన ఒక్కసారిగా ముందుకు వంగారు. పద్యం అయ్యాక వన్స్ మోర్ అని మొదట అరిచింది ఆయనే. ఆమె మళ్లీ పాడింది. రెండోసారి ఇంకా బాగా పాడింది.

తర్వాతి సీన్లో కృష్ణుడికి పని లేదు. చూస్తే ఆమె మళ్లీ తాడు దగ్గరే ఉంది, కిరీటంతోనే.

ఆ రోజు నుంచి నేను కనిపించిన వాళ్లందరికీ సురభికి వెళ్లండి, ఏ ఊళ్లో వేసినా వెళ్లండి అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఏ ఊరైనా ఫర్వాలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెరలు వేలాడదీయడానికి పైన చోటు లేని హాళ్లలో, సెట్టింగులు సగం లోపలే పెట్టేయాల్సిన చోట నాటకం చిన్నబోతుంది. తప్పు వాళ్లది కాకపోయినా నష్టం మాత్రం చూసేవాళ్లకే. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం దగ్గర వాళ్లకున్న రంగస్థలంలో ఆడేటప్పుడు చూడటం వేరు.

ఇంకొకటి చెప్పడం నాకు కష్టంగా ఉంది. అందరికీ అన్నీ రావడం అనేది మొదట్లో నాకు వైభవంగా కనిపించింది. ఇన్నేళ్లు చూశాక అందులో కొంత అవసరం కూడా ఉందని అర్థమైంది. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. టికెట్ డబ్బులతో ఇంతమందికి రోజులు గడవవని లెక్కలు రానివాళ్లకైనా తెలుస్తుంది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ ఇద్దరి ముగ్గురి పని చేయాల్సి వస్తోంది. ఒకే ముఖం మూడు వేషాల్లో వస్తే చప్పట్లు కొడతాం గానీ, నాలుగో మనిషి ఎందుకు లేడన్న ప్రశ్న నన్ను వదలదు.

అన్నీ చూస్తూ నేర్చుకోవడంలో ఇంకో ఇబ్బంది ఉంది. తాత ఎలా నిలబడ్డాడో మనవడూ అలాగే నిలబడతాడు. కొత్త నాటకం లోపలికి రావడం కష్టం. తొంభైల్లో కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్లతో భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ చేయించారు. చివరిది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకానికి మన బస్తీ రూపం. పౌరాణికాలు ఆడే కుటుంబంతో అది చేయించగలిగారంటే వీళ్ల సత్తా ఎంతో తెలుస్తుంది. అలాంటి ప్రయత్నాలు మరిన్ని జరిగి ఉండాల్సింది. మాయాబజార్ వేస్తే హాలు నిండుతుంది, కొత్తది వేస్తే నిండుతుందన్న నమ్మకం లేదు. నేను కూడా పోస్టర్ మీద మాయాబజార్ చూస్తేనే ముందు టికెట్ కొనేది.

వెళ్లమంటావా అంటే, నా సంగతి చెప్తాను. నేను ఉండేది చందానగర్ వైపు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే అసెంబ్లీ స్టేషన్లో దిగి నడిచి వెళ్లగలను కాబట్టి నాకు తేలిక. చిన్నప్పటి నుంచి పద్యం వింటూ పెరిగాను కాబట్టి రాగం ఎంతసేపు తీసినా నాకు విసుగు రాదు. మా ఆఫీసు కుర్రాణ్ణి ఒకసారి తీసుకెళ్తే మంటలకూ పొగలకూ ఈలలు వేసి, పద్యాలు వచ్చినప్పుడల్లా ఫోన్ తీశాడు. అతన్ని తప్పుపట్టను. పిల్లలున్నవాళ్లు నిస్సందేహంగా వెళ్లొచ్చు, ఆ మాయలు వాళ్లకు కొత్త. మీకు పద్యం అలవాటు లేకపోతే మాత్రం మొదటిసారికి మాయాబజారే ఎంచుకోండి, ముందు వరసలో పక్క సీటు దొరికితే వదలకండి. అది కూడా నచ్చకపోతే మిగతావి నచ్చుతాయని నేను హామీ ఇవ్వలేను.