సమాధిపై రాతి సిలువ: సాదాదా, వలయమున్నదా?

నల్లగొండ పల్లెల్లో పెద్దల సమాధిపై గ్రానైట్ సిలువ నిలపాలనుకునే కుటుంబాలకు ఈ సందేహం సహజం.

ఖర్చు, శ్రమ: కింది భాగం పొడవుగా ఉండే సాదా లాటిన్ సిలువను ఒకే పలక నుంచి సులువుగా కోయవచ్చు; కూడలి చుట్టూ వలయం ఉండే కెల్టిక్ సిలువకు ఆ వలయం లోపలి నాలుగు ఖాళీలనూ తొలచాలి కనుక కూలి పెరుగుతుంది.

ప్రమాదం: రాయి బరువును మోసినంతగా లాగుడును ఓర్వదు కాబట్టి సన్నని అడ్డ చేతులు కూడలి దగ్గరే విరిగే అవకాశం ఎక్కువ, వలయం వాటికి ఆసరా అవుతుంది. ఐర్లాండ్‌లోని మొనాస్టర్‌బాయిస్‌లో వలయమున్న, సుమారు 5.5 మీటర్ల ఇసుకరాతి ముయిరెదాక్ సిలువ వెయ్యేళ్లకు పైగా నిలిచి ఉంది.

అర్థం: క్రీస్తు దేహం లేని సాదా సిలువ పునరుత్థానాన్ని తలపిస్తుంది, వలయాన్ని నిత్యత్వానికి గుర్తుగా చెబుతారు, నా మనసుకు ఎంతో దగ్గరైన భావన అది.

స్థలం ఇరుకైతే, సమాధుల పండుగకు శుభ్రం చేయడం తేలిక కావాలంటే లాటిన్ సిలువే తగినది; ఎత్తైన స్మారకం, బైబిలు దృశ్యాల చెక్కడం కోరేవారికి కెల్టిక్ సిలువ మేలు.