లోపలి గదిలోని బియ్యప్పిండి మిషన్: పాలమూరులో ఒక గిర్ని గురించి

మహబూబ్‌నగర్‌లో రైల్వే స్టేషన్‌కు వెళ్లే రోడ్డు నుంచి ఒక గల్లీలోకి మళ్లితే, రేకుల షెడ్డు కింద ఒక పిండిగిర్ని కనిపిస్తుంది. దానికి బోర్డు లేదు, గుమ్మం ముందున్న వేపచెట్టే గుర్తు. ఏడాదిన్నరగా మా ఇంటికి పిండి వచ్చేది అక్కడి నుంచే. పిండి మెత్తగా పడిందా, తూకం తగ్గిందా అన్న రెండు మాటలు తప్ప గిర్ని గురించి చెప్పుకోవడానికి సాధారణంగా ఏమీ ఉండదు. అయితే గోధుమ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లకు మందుల దుకాణం కంటే గిర్నితోనే ఎక్కువ పని పడుతుంది కనుక, ఈ గిర్నిలోని మంచిని, లోపాన్ని కొంత వివరంగానే రాస్తున్నాను.

నాకు ఈ జబ్బు ఉన్నట్టు తేలింది నలభై దాటాక. అంతకు ముందు చాలా ఏళ్లు అందరూ నాకు రక్తం తక్కువనే అనుకున్నారు. ఐరన్ మాత్రలు మింగడం, నాలుగు నెలలు బాగుండటం, మళ్లీ మెట్లెక్కితే ఆయాసం రావడం, ఇదే వరస. మా ఆయనకు షుగర్ వచ్చినప్పుడు రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమని నలుగురూ చెప్పారు. ఆయనకొకటి, నాకొకటి వండటం ఎందుకని నేనూ చపాతీకే మారాను. కడుపుబ్బరం, విరేచనాలు, నీరసం ఆ తర్వాతే ముదిరాయి. చివరికి హైదరాబాద్‌లో ఒక జీర్ణకోశ వైద్యుడు టీటీజీ యాంటీబాడీల (ఈ జబ్బు ఉంటే రక్తంలో పెరిగేవి) రక్తపరీక్ష రాశారు. ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపి నిర్ధారించారు. గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమలాంటి ఒక ధాన్యం) గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లోపలికి వెళ్లినప్పుడల్లా ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదకే తిరగబడుతుందనీ, ఆహారంలోని సారాన్ని పీల్చుకునే సన్నని పోగులు అరిగి చదునైపోతాయనీ, మింగిన ఐరన్ ఒంటికి పట్టకపోవడానికి కారణం అదేననీ ఆయన వివరించారు. దీనికి మాత్ర లేదు. గ్లూటెన్‌ను జన్మంతా మానేయడమే వైద్యం. అనుమానం ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరీక్షలు పూర్తయ్యే వరకు గోధుమ మానకండి. ముందే మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు.

మా పుట్టిల్లు మక్తల్ దగ్గర. జొన్నరొట్టె లేకుండా పూట గడవని ఊరు. అందుకే విషయం చెప్పగానే మావాళ్లు తేలిగ్గా తీసుకున్నారు. "గింతేనా, అన్నం తిను, రొట్టె తిను, చపాతి వద్దను" అని మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. నేనూ అలాగే అనుకున్నాను. మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బిస్కెట్లు, బయట సమోసాలు మానేశాను. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుందని తెలిశాక పులుసులో ఇంగువ వేయడమూ ఆపాను. రంజాన్ నెలలో ఊరంతా హలీం వాసన వస్తుంటే, అందులో పడేది గోధుమలే కనుక ముక్కు మూసుకుని నడిచాను. ఇంత చేసినా ఆరు నెలల తర్వాత చేయించిన రక్తపరీక్షలో టీటీజీ అంకె కొంత దిగి అక్కడే నిలిచిపోయింది. డాక్టరు నా భోజనం గురించి అరగంట అడిగి, అంతా విని, చివర్లో ఒకే ప్రశ్న వేశారు: "జొన్నపిండి ఎక్కడ పట్టిస్తున్నారు?"

అప్పుడు నేను వెళ్తున్నది మా కాలనీ మలుపులో ఉన్న మరో గిర్ని. ఒకే మిషన్, ఒకే రాళ్ల జత. నా ముందు వరుసలో ఉన్నవాళ్ల డబ్బాలో గోధుమలుంటే, నా జొన్నలు ఆ రాళ్ల మధ్యకే వెళ్లేవి. గోధుమలు పోయని మిషన్ ఉందా అని అడిగితే ఆ గిర్ని అతను నవ్వి, "పిడికెడు గోధుమపిండి తగిలితే ఏమైతదమ్మా, మంచిదే గదా" అన్నాడు. అతని మీద కోపం రాలేదు, ఎందుకంటే మొన్నటి దాకా నేనూ అలాగే అనుకున్నదాన్నే. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక మాత్రం భయం పట్టుకుంది.

ఆ లెక్క మీకూ చెబుతాను. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం ఒక పదార్థాన్ని గ్లూటెన్ లేనిదిగా అమ్మాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఒక గోధుమ గింజ దాదాపు 40 మిల్లీగ్రాములు తూగుతుంది, అందులో పదో వంతు గ్లూటెన్ అనుకుంటే గింజకు నాలుగు మిల్లీగ్రాములు. అంటే కిలో జొన్నల్లో ఐదు గోధుమ గింజలు కలిసినా గీత దగ్గరికి వచ్చేసినట్టే. ఇక గిర్ని రాళ్ల సందుల్లో, గొట్టంలో, కింద కట్టిన గుడ్డ తొట్టిలో కలిపి వంద గ్రాముల గోధుమపిండి మిగిలిపోయిందనుకుందాం. అందులోని గ్లూటెన్ పది గ్రాముల దాకా ఉంటుంది, ఆ హద్దు దాటకుండా దాన్ని పంచాలంటే ఐదు వందల కిలోల జొన్నపిండి కావాలి. నేను పట్టించేది ఐదు కిలోలు! ముందు కొన్ని బియ్యం పోసి రాళ్లు తుడిపిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు గానీ, ఈ లెక్క చూశాక నాకు ఆ సలహా మీద నమ్మకం పోయింది. గోధుమ అసలు పడని మిషన్ కావాలి, అంతే.

నెల రోజులు తిరిగాను. ఎక్కడ అడిగినా "కడిగిస్తం మేడం" అన్నవాళ్లే, రాళ్లను కడగరని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి ఈ వేపచెట్టు దగ్గరి గిర్నిలో, కొంగు ముక్కుకు కట్టుకుని పిండి జల్లిస్తున్న ఒక ఆమె నా ప్రశ్నను మధ్యలో ఆపకుండా పూర్తిగా విన్నది. ఆ ఇంటి కోడలట. "అక్కా, ముంగటి మిషిన్ల గోధుమలు, మక్కలు, జొన్నలు అన్నీ పడ్తయి. లోపలి దాంట్ల బియ్యం, పప్పులే పోస్తం. దాంట్ల గోధుమలు పోస్తే సకినాల పిండి చెడుతదని గిరాకోళ్లు లొల్లి పెడ్తరు" అంది. ఎవరి సకినాల కోసమో పెట్టుకున్న కట్టుబాటు నా పేగుకు పనికొచ్చింది. సకినాలకు బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు తప్ప మరొకటి తగలకూడదని పట్టుబట్టే ఆ ఆడవాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను.

లోపలి గది చిన్నది, రెండు మిషన్లకూ మధ్య ఇటుక గోడ, దానికొక తలుపు. నా పద్ధతి ఇది. ముందు ఫోన్ చేసి, ఉదయం ఏడింటికి, ముందు మిషన్ తిరగకముందే వెళ్తాను. ఎందుకంటే అది తిరిగితే గోధుమపిండి దుమ్ము గాలిలో లేచి గోడల మీద, తీగల మీద, మనుషుల కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. పిండి కిందికి జారే గుడ్డ తొట్టి నాది నేనే కుట్టించి ఇచ్చాను. పొరపాటున మరొకరికి కట్టకుండా దాని అంచుకు ఎర్ర దారం కట్టి, లోపలి గదిలో విడిగా ఒక మేకుకు తగిలిస్తారు. జల్లెడ, గింజలు తోడే గిన్నె, పిండి డబ్బా ఇంటి నుంచే తీసుకెళ్తాను. మొదట పడే అరకిలో పిండిని వేరే సంచిలో పట్టి మా ఆయన రొట్టెలకు వాడతాను, తర్వాతిదే నా డబ్బాలోకి. ఆ కోడలు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వాళ్ల మామ మాత్రం మొదటి రెండుసార్లు నన్ను వింతగా చూసి, మూడోసారి నుంచి నన్ను చూడగానే తనే మేకు మీది తొట్టి తీసి కట్టడం మొదలుపెట్టాడు.

పిండి సంగతి. బియ్యానికి బిగించిన రాళ్లు కావడం వల్ల జొన్నపిండి సన్నగా పడుతుంది, మునివేళ్ల మధ్య నలిపితే పలుకు తగలదు. వేడిగా దిగుతుంది కనుక ఇంటికి తెచ్చి బట్ట మీద పరిచి, చల్లారాకే డబ్బాకు ఎత్తాలి. ఒకసారి తొందరపడి మూత పెడితే అడుగున ఉండ కట్టింది. సలసల మరిగే నీళ్లు పోసి కలిపి, కాస్త చల్లారాక గట్టిగా పిసికితే రొట్టె అంచు చీలకుండా తిరుగుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి సాగే గుణం ఉండదు, ఆ పట్టు మరిగే నీళ్లతోనే రావాలి. కొన్ని హోటళ్లలో రొట్టె చీలకుండా గుప్పెడు గోధుమపిండి కలుపుతారు. అడిగితే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, ఎలాగూ పెనం చపాతీలదే. అందుకే బయట జొన్నరొట్టె తినడం నేను పూర్తిగా మానేశాను. కిలోకు ముందు మిషన్‌లో ఎనిమిది రూపాయలు, లోపలి దానిలో పన్నెండు తీసుకుంటారు. ఈ తేడా నాకు లెక్కలోకి రాదు. సూపర్ మార్కెట్‌లో గ్లూటెన్ లేని పిండి ప్యాకెట్ ధర మామూలు గోధుమపిండి ధరకు మూడింతలకు పైగా ఉంది, పైగా దానితో చేసిన రొట్టె నాకు మాత్రం అట్టలా అనిపించింది.

ఇక్కడికి మారిన ఆరు నెలలకు చేయించిన పరీక్షలో టీటీజీ అంకె మళ్లీ దిగడం మొదలైంది. ఆ తర్వాతి పరీక్షలో మామూలు హద్దులోకి వచ్చింది, హిమోగ్లోబిన్ కూడా నిలకడగా ఉంది. ఇదంతా ఒక్క గిర్ని మార్చడం వల్లనే అని నేను అనను. ఇంట్లో చపాతీకి వేరే పెనం, వేరే పీట పెట్టింది కూడా అప్పుడే.

ఇప్పుడు లోపాలు. పెద్దది సంక్రాంతిది. ఆ సంగతి గిర్ని కోడలు నా దగ్గర దాచలేదు. "అబద్ధమెందుకక్కా, పండుగ ముంగట గిరాకీ పెరిగితే మామ ఏది ఖాళీగుంటే దాంట్ల పోస్తడు. నేను ఎంతని చూస్త?" అంది. అంటే ఆ పది పన్నెండు రోజుల్లో లోపలి మిషన్‌లో కూడా గోధుమలు పడవచ్చు, పండుగ తర్వాత దాన్ని మళ్లీ నమ్మడం కష్టం. ముందే నెలలకు సరిపడా పట్టించి పెట్టుకుందామంటే జొన్నపిండి నిలవ ఉండదు; మూడు వారాలు దాటితే చేదెక్కుతుంది, రొట్టె తట్టబోతే విరిగిపోతుంది. గత జనవరిలో రొట్టె మానేసి పూర్తిగా అన్నం మీద, నానబెట్టి రుబ్బిన జొన్న దోశల మీద గడిపాను. పండుగయ్యాక రాళ్లు విప్పి గంట్లు కొట్టించే రోజు కోసం ఎదురు చూసి, ఆ తర్వాత పది రోజులు బియ్యం, పప్పులు తిరగనిచ్చి, అప్పుడు గానీ వెళ్లలేదు. నేను వేసిన లెక్క ప్రకారం అదీ పూర్తి భద్రత కాదు, కానీ అంతకు మించిన దారి ఈ ఊళ్లో నాకు దొరకలేదు.

రెండోది తూకం. కాంటా ఒక్కటే, దాని పళ్లెంలో ఎప్పుడూ గోధుమపిండి పొడి ఉంటుంది. నేను డబ్బాతో సహా తూయిస్తాను, మూత తీయనివ్వను. ఇంటికి రాగానే డబ్బా అడుగు తడిబట్టతో తుడుస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు గిర్ని మూసి ఉంటుంది, కరెంటు పోతే ఆ రోజుకు అంతే సంగతులు. బండి పెట్టడానికి జాగా లేదు.

గింజల శుభ్రత గిర్ని బాధ్యత కాదు గానీ చెప్పకుండా ఉండలేను. పుట్టింటి నుంచి వచ్చే పచ్చజొన్నల్లో నాకెప్పుడూ గోధుమ కనిపించలేదు. ఒకసారి అవి అయిపోయి బజారులో తెల్లజొన్నలు కొన్నాను. చేటలో పోసి చెరుగుతుంటే గుండ్రటి గింజల మధ్య పొడుగ్గా, నడుమ గీతతో ఒకటి కనిపించింది. ఏరుతూ పోతే మూడు కిలోల్లో పదకొండు దొరికాయి. ఆ దుకాణంలో గోధుమలకూ జొన్నలకూ తోడే డబ్బా ఒక్కటే. అప్పటి నుంచి ఏ జొన్నలైనా పగటి వెలుతురులో, నల్లటి పళ్లెంలో పిడికెడు పిడికెడుగా పోసి ఏరిన తర్వాతే గిర్నికి తీసుకెళ్తున్నాను. కిలోకు ఇరవై నిమిషాలు పడుతుంది.

ఇంట్లో పెట్టుకునే చిన్న పిండి మిషన్ కొనవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అది నిజంగానే ఇంతకంటే భద్రం, డబ్బు కూడగట్టుకుంటున్నాను. అది వచ్చే వరకు ఈ గిర్నికి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గిన ఆ ఒక్క మార్కు సంక్రాంతిది.

సీలియాక్ ఉన్నవాళ్లు ఎవరైనా వెళ్తే, "బియ్యప్పిండి మిషన్" అని ఊరుకోకుండా "లోపలి గదిలోది" అని అడగండి. ముందు గదిలో కూడా సద్దలకని కొత్తగా ఒక చిన్న మిషన్ పెట్టారు, మిగతావి ఖాళీ లేకపోతే దానిలో ఏది పడితే అది పోస్తున్నారు. తొట్టి గుడ్డ మాత్రం మీది మీరే కుట్టించుకోండి. ఎర్ర దారం ఉన్నది నాది.