డిస్క్ జారి కాలు లాగుతుంటే వెంటనే ఆపరేషనా, కొన్నాళ్లు ఆగడమా: ఏది మేలు?

మా ఇంట్లో ఒకే ఏడాది ఇద్దరికి ఒకే డిస్క్ జారింది. ఎల్5-ఎస్1, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల్లో నడుం కింద అన్నిటికన్నా చివరిది. మా అక్క విజయవాడలో టీచరు, ఆమెకు ఆపరేషన్ లేకుండానే తగ్గింది. మా చిన్నాన్న గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని చేస్తారు, ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు. ఇద్దరిలో ఎవరు చేసింది మంచిదని బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇద్దరిదీ సరైన నిర్ణయమే అంటే నేను మాట దాటవేస్తున్నాననుకుంటారు. కాదు, ఈ జబ్బు మీద జరిగిన క్లినికల్ ట్రయల్స్ గురించి చదివాక నాకు నిజంగానే అలా అనిపించింది.

ముందు ఒక మాట. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం లేవక చెప్పు జారిపోతున్నా ఈ పోలికలేవీ మీకు వర్తించవు. అలాంటి వాళ్లను ఆపరేషన్ చేయకుండా ఆపి చూడటం ప్రమాదం కాబట్టి ఈ ట్రయల్స్‌లో చేర్చుకోలేదు. అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. నడుం నొప్పితో పాటు సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది వెన్నెముక టీబీ కావచ్చు, దాని వైద్యమే వేరు.

ఇక అక్క సంగతి. బీరువా జరుపుతుంటే నడుం పట్టేసింది, రెండు రోజులకు నొప్పి నడుం వదిలి కాల్లోకి దిగింది, పిర్ర దగ్గర మొదలై పిక్క మీదుగా మడమ దాకా కరెంటు షాకు కొట్టినట్టు. ఒక ఆసుపత్రిలో ఎంఆర్ఐ ఫిల్మ్ పైకెత్తి చూసి, ఈ వారంలో ఆపరేషన్ చేయకపోతే కాలు పడిపోతుందన్నారు. ఆమెను మునివేళ్ల మీద నిలబెట్టి కూడా చూడలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు, అంత టెన్షన్. మర్నాడు గుంటూరు కొత్తపేటలో ఇంకో న్యూరోసర్జన్‌కు చూపించాం. ఆయన పడుకోబెట్టి కాలెత్తి చూశారు, మడమ దగ్గర సుత్తితో కొట్టి చూశారు, మునివేళ్ల మీద పది అడుగులు నడిపించారు. "బలం బాగానే ఉందమ్మా, ఆరు వారాలు చూద్దాం, ఈలోగా కాలు బలహీనపడితే మాత్రం ఆ రోజే రండి" అన్నారు.

ఆయన ఆ ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో నాకు తర్వాత అర్థమైంది. నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో, అంటే నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పితో ఉన్న 283 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్, రెండో జట్టుకు మందులు, వ్యాయామం, అవసరమైతే తర్వాత ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ జట్టులో సగం మంది నాలుగు వారాల్లో కోలుకున్నారు, ఆగిన జట్టులో సగం మంది కోలుకోవడానికి పన్నెండు వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు జట్లలోనూ 95 శాతం మంది తగ్గిందనే చెప్పారు. ఆగిన జట్టులో 39 శాతం మంది ఆ ఏడాదిలోపే నొప్పి భరించలేక ఆపరేషన్‌కు వెళ్లారు.

ఈ 39 శాతం దగ్గర కాసేపు ఆగి ఆలోచించండి. ఆగిన వందలో అరవై మందికి పైగా కత్తి తప్పింది. మిగతా వాళ్లకు ఆపరేషన్ ఆలస్యమైంది, ఆ నెలలు నొప్పి పడ్డారు, కానీ ఆ జట్టు మొత్తం చూస్తే ఏడాది చివర వెనకబడలేదు. అంటే బలం తగ్గనంత వరకు ఆపరేషన్ ఇచ్చేది తొందరగా ఉపశమనం. "వారంలో కాలు పోతుంది" అన్న భయానికి ఇందులో చోటు లేదు. జారిన ముక్కను చాలామందిలో ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది, పెద్దగా బయటికి వచ్చిన ముక్కలు ఇంకా ఎక్కువగా కరుగుతాయి.

అమెరికాలో 2006లో వచ్చిన ఇంకో పెద్ద ట్రయల్‌ను చూపించి, ఆపరేషన్‌కూ మందులకూ తేడా లేదని చెప్పేవాళ్లున్నారు. అది సగం మాటే. అందులో చీటీ వేయించుకున్న 501 మందిలో ఆపరేషన్ జట్టు వాళ్లలో మూడు నెలల్లో సగం మందే చేయించుకున్నారు, మందుల జట్టులో 30 శాతం మంది చేయించుకున్నారు. నొప్పి ఎక్కువైన వాళ్లు అటు, తగ్గిన వాళ్లు ఇటు మారిపోతే తేడా ఎలా బయటపడుతుంది? ఎవరినీ తప్పు పట్టలేం, ఏడుస్తున్న మనిషిని నీ చీటీలో మందులే వచ్చాయి ఆగు అనలేం కదా.

అక్కకు తొమ్మిదో వారానికి తగ్గింది. రెండు రోజులు తప్ప మంచం ఎక్కలేదు, కాసేపు కాసేపు నడిచేది. పడుకుంటే తొందరగా తగ్గుతుందేమోనని నెదర్లాండ్స్‌లోనే 1999లో 183 మంది మీద చూశారు, లాభం కనపడలేదు. మా అమ్మమ్మ అయితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం తొక్కిస్తే పోతుందని పట్టుబట్టింది, ఆమె ప్రేమ నాకు తెలుసు, కానీ డిస్క్ జారిన మనిషి నడుం దయచేసి ఎవరిచేతా తొక్కించకండి.

చిన్నాన్న కూడా ఆగారు. కానీ ఆగడం ఆయనకు అక్కకున్నంత తేలిక కాదు. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కేజీల పైనే, మోస్తేనే కూలి, ఫిబ్రవరి నుంచి సీజన్. యార్డు వేసవి సెలవులు వచ్చేసరికి ఆయనకు ఐదు నెలలు నిండాయి, నొప్పి అంగుళం కదల్లేదు. ఇక్కడ 2020లో కెనడా నుంచి వచ్చిన ట్రయల్ చెప్పేది వేరు. నాలుగు నుంచి పన్నెండు నెలలుగా కాలి నొప్పితో ఉన్న 128 మందిని ఇలాగే రెండు జట్లు చేసి చూశారు. ఆరు నెలల తర్వాత పదికి నొప్పి ఎంతని అడిగితే ఆపరేషన్ జట్టు సగటు 2.8, ఆపరేషన్ లేకుండా ఆగమన్న జట్టు 5.2. మొదట్లో రెండు జట్లూ ఎనిమిది దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఆగడానికి కూడా ఒక హద్దుంది. నన్నడిగితే ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగమంటాను, నాలుగో నెల వచ్చినా రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, ఎంఆర్ఐలో నొక్కుకున్న నరమూ కాల్లో లాగే చోటూ సరిపోతే, ఇక సాగదీయొద్దంటాను. రోజు కూలి మీద బతికేవాళ్లు ఇంకా ముందే చేయించుకున్నా తప్పు లేదు.

చిన్నాన్నకు ఆపరేషన్ అయిన మర్నాడే కాలు లాగడం పోయింది. చిటికెన వేలి పక్క మొద్దు మాత్రం ఇంకా ఉంది. ఇప్పుడు టిక్కీలు మోయడం మానేసి కాటా దగ్గర ఉంటున్నారు, కూలి తగ్గింది, అది ట్రయల్ లెక్కల్లో కనపడదు.

వెన్నులో ఇంజెక్షన్ కొన్ని వారాల ఊరటకు పనికొస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్రలు సయాటికాకు ఎక్కడ చూసినా రాస్తారు, ఆస్ట్రేలియాలో 209 మందితో చేసి 2017లో వెల్లడించిన ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్ర కన్నా నొప్పేమీ తగ్గలేదు, తల తిరగడం ఎక్కువైంది. వాడుతున్నవాళ్లు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్‌ను అడిగి తగ్గించుకోండి. ఎంఆర్ఐ రిపోర్టులో "బల్జ్" (డిస్క్ కాస్త ఉబ్బడం) అనే మాట చూసి కూడా హడలిపోవద్దు. 1994లో నడుం నొప్పే లేని 98 మందికి స్కాన్ తీస్తే 52 శాతం మందిలో బల్జ్ కనపడింది.

మా పక్కింటి పిన్నిగారిది వేరే జబ్బు. వయసుతో వెన్నులో నరాల దారి ఇరుకైంది, నాలుగు అడుగులు వేస్తే కూర్చోవాలి. ఆపరేషన్‌తో పాటు స్క్రూలు కూడా వేయాలన్నారట, ఖర్చు చాలా పెరిగింది. స్వీడన్‌లో ఇదే జబ్బుకు 247 మందితో చేసిన ట్రయల్ 2016లో వచ్చింది. ఇరుకు తీసేసి వదిలినవాళ్లకూ, స్క్రూలతో ఎముకలు కలిపిన వాళ్లకూ రెండేళ్ల తర్వాత తేడా కనపడలేదు, స్క్రూల వాళ్లకు రక్తం పోవడం, ఆసుపత్రిలో ఉండటం, ఖర్చు ఎక్కువ. ఎముక విరిగినా, గడ్డ ఉన్నా స్క్రూలు తప్పకపోవచ్చు, ఈవిడకు అవేమీ లేవు. సోమవారం ఆవిడతో నేనూ వెళ్తున్నాను. మర్చిపోకుండా ఫైలు మీద పెన్నుతో రాసిపెట్టాం: "ఇరుకు తీస్తే చాలదా డాక్టర్ గారూ, నాకు స్క్రూలు ఎందుకు?"