హైదరాబాద్‌లో ఈ-పాస్‌పోర్టు సేవ: ఏది బాగుంది, ఎక్కడ ఇరుక్కుంటారు

హైదరాబాద్‌లో ఇప్పుడు కొత్త పాస్‌పోర్టుకు పెట్టుకున్నా, పాతది రెన్యువల్‌కు ఇచ్చినా చేతికొచ్చేది చిప్పున్న ఈ-పాస్‌పోర్టే. 2024 ఏప్రిల్ 1న విదేశాంగ శాఖ పైలట్‌గా మొదలుపెట్టిన ఈ పథకంలో తొలి విడత నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. 2025లో దేశమంతటికీ విస్తరించారు. ఫీజు మాత్రం పెంచలేదు. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకం రూ.1,500, 60 పేజీలది రూ.2,000. తత్కాల్ అయితే వీటికి రూ.2,000 అదనం. 18 ఏళ్లలోపు పిల్లలకు 36 పేజీలది రూ.1,000.

సేవ ఎలా ఉందంటే, పాస్‌పోర్టు సేవా కేంద్రం గేటు లోపల జరిగే పని చాలా బాగుంది. వచ్చే చిక్కులన్నీ గేటు బయటే మొదలవుతున్నాయి. ముఖ్యంగా ఫారంలో ఇంటిపేరు రాసే గడి దగ్గర. అందుకే ఇక్కడ ఆ గడి గురించే ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

ముందు పుస్తకం సంగతి. ముందు అట్ట మీద కింది భాగంలో బంగారు రంగులో చిన్న గుర్తు ఉంటుంది: దీర్ఘచతురస్రం, దాని మధ్యలో ఒక వృత్తం. ఆ గుర్తుందంటే లోపల చిప్, దానికి సన్నని యాంటెన్నా ఉన్నట్టే. డేటా పేజీ మీద కనిపించే వివరాలు, ఫోటో, వేలిముద్రలు ఆ చిప్‌లో ఉంటాయి. దానికి బ్యాటరీ ఉండదు. రీడర్ మీద పెట్టినప్పుడు అక్కడి నుంచే కరెంటు అందుకుంటుంది.

జేబులో ఉండగానే ఎవరైనా చదివేస్తారేమోనని చాలామంది భయపడుతున్నారు. డేటా పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి కదా, యంత్రం ముందు వాటిని చదవాలి. అందులోని పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ కలిపితేనే చిప్ తెరుచుకునే తాళంచెవి తయారవుతుంది. పుస్తకం మూసి ఉన్నప్పుడు ఆ వరుసలు కనపడవు కాబట్టి పక్కన నిలబడ్డవాడికి చిప్ మాట్లాడదు. చిప్‌లోని సమాచారం మీద ప్రభుత్వ డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోదు, రీడర్ పట్టేస్తుంది. ఇవన్నీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారమే జరుగుతాయి కాబట్టి ఏ దేశపు రీడరైనా చదవగలదు. నకిలీల విషయంలో ఇది నిజంగా పెద్ద ముందడుగు. డేటా పేజీలో ఫోటో మార్చి అతికించే పాత మోసం దీని ముందు నిలవదు.

అయితే సంతకం కాపాడేది రాసినదాన్ని మార్చకుండానే. రాసింది తప్పయితే ఆ తప్పుకీ అదే సంతకం పడుతుంది. సరిచేయాలంటే మళ్లీ రీ-ఇష్యూకు పెట్టాలి, కొత్త పుస్తకం రావాలి.

పుస్తకాన్ని మడవొద్దు, పిన్నులు కొట్టొద్దు, నీళ్లలో తడపొద్దు. వీసా కాగితాలను అట్టకు స్టేప్లర్‌తో గుచ్చే అలవాటు కొన్ని ట్రావెల్ ఆఫీసుల్లో ఉంది. యాంటెన్నా తీగ తెగితే చిప్ మూగబోతుంది కాబట్టి వాళ్లకు ముందే చెప్పండి.

పాత పాస్‌పోర్టుకు గడువు మిగిలి ఉంటే చిప్ కోసం ఇప్పుడే మార్చుకోవాలా? అక్కర్లేదు. పాతవి గడువు తీరేదాకా చెల్లుతాయని విదేశాంగ శాఖే స్పష్టంగా చెప్పింది. గడువు ఏడాదిలోపుకు వచ్చాక రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. చాలా దేశాలు ఆరు నెలల గడువు అడుగుతాయి కనుక ప్రయాణం అనుకున్నవాళ్లు ఆ ఏడాది తొలి నెలల్లోనే పెట్టుకోవడం మంచిది. పాత పుస్తకాన్ని రద్దు చేసి తిరిగి ఇస్తారు. అందులో గడువున్న అమెరికా వీసా ఉంటే అది చెల్లుతుంది, రెండు పుస్తకాలూ వెంట తీసుకెళ్లాలి.

ఇక ఇంటిపేరు. మన దగ్గర టెన్త్ మెమోలో 'కె. రమేశ్' అని, ఆధార్‌లో 'రమేశ్ కొప్పుల' అని, పాన్‌లో 'కొప్పుల రమేశ్ కుమార్' అని ఉండటం మామూలే. ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ పాస్‌పోర్టు ఫారంలో అసలు పేరుకు (గివెన్ నేమ్) ఒక గడి, ఇంటిపేరుకు ఇంకో గడి విడివిడిగా ఉంటాయి, పొడి అక్షరాలు ఒప్పుకోరు. నెట్ సెంటర్‌లో ఫారం నింపేవాళ్లు తొందరలో పేరంతా మొదటి గడిలో కొట్టేసి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. ఫారం దాన్ని అడ్డుకోదు, పాస్‌పోర్టు కూడా వచ్చేస్తుంది. నష్టం ఆ తర్వాత తెలుస్తుంది. ఇంటిపేరు ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న పేరంతా ఇంటిపేరు కింద వేసి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని కొడతారు. అంటే మొదటి పేరు తెలియదని. అక్కడ యూనివర్సిటీ, బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు అన్నింటిలోనూ విద్యార్థికి అదే పేరు తగులుకుంటుంది. దుబాయ్ సంగతీ అంతే. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు లేదా ఇంటిపేరు ఉంటే అనుమతిస్తామని తర్వాత వివరణ ఇచ్చింది.

కాబట్టి స్లాట్ బుక్ చేసేముందు టెన్త్ మెమో, ఆధార్, పాన్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. స్పెల్లింగ్‌లో తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోవడం తేలిక, ఆ తర్వాతే పాస్‌పోర్టు. ఇంకో సంగతి. బాణం గుర్తుల మొదటి వరుసలో మొత్తం 44 అక్షరాలే పడతాయి. మొదటి ఐదూ పత్రం రకానికి, దేశానికి పోతాయి. ఇంటిపేరుకీ పేరుకీ కలిపి మిగిలేది 39. వెంకట, సత్య, నాగ, లక్ష్మి అన్నీ ఉన్న పొడవాటి పేర్లు అక్కడ చివర తెగిపోతాయి. అది తప్పు కాదు, కంగారు పడనక్కర్లేదు. విమానం టికెట్ మాత్రం పైన పూర్తిగా అచ్చయిన పేరు చూసే తీయాలి. పెళ్లయిన ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకుని తీరాలన్న నియమం కూడా లేదు. పుట్టింటి పేరుతోనే కొనసాగవచ్చు.

పుట్టిన తేదీ విషయంలో కొత్త నిబంధన ఒకటి వచ్చింది. 2023 అక్టోబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్టు నిబంధనలు సవరించి ఈ మార్పు తెచ్చారు. అంతకుముందు పుట్టినవాళ్లకు టెన్త్ మెమో, పాన్ వంటివి ఎప్పట్లాగే పనికొస్తాయి. చంటిపిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేకుండా వదిలేసిన తల్లిదండ్రులు ముందు జీహెచ్ఎంసీలోనో మున్సిపాలిటీలోనో పేరు ఎక్కించుకోవాలి.

కేంద్రాలు మారాయి, ఇది గుర్తుంచుకోండి. అమీర్‌పేటలో ఉండేది 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లోకి వచ్చింది. టోలీచౌకీది రాయదుర్గం వైపు ఓల్డ్ ముంబై రోడ్డు మీదకు మారింది. బేగంపేట ఎప్పటిలాగే ఉంది. మూడింటిలో మార్కు ఎంజీబీఎస్‌కే. మియాపూర్-ఎల్బీనగర్ లైను, జేబీఎస్ నుంచి వచ్చే లైను రెండూ అక్కడే కలుస్తాయి. జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు బస్టాండు పక్కనే. పార్కింగ్ బాధ లేదు. రాయదుర్గం స్లాట్ వచ్చినవాళ్లు మాత్రం పేరు చూసి రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగేసి అక్కడ వెతకొద్దు. అపాయింట్‌మెంట్ కాగితం మీది చిరునామా చూసుకునే బయల్దేరండి.

లోపల మూడు కౌంటర్లు. 'ఏ' దగ్గర టీసీఎస్ సిబ్బంది పత్రాలు స్కాన్ చేసి, ఫోటో తీసి, వేలిముద్రలు తీసుకుంటారు. 'బీ' దగ్గర ప్రభుత్వ అధికారి పత్రాలు పరిశీలిస్తారు. 'సీ' దగ్గర మంజూరు. అసలు జాగ్రత్త 'ఏ' దగ్గరే కావాలి. అక్కడ తెర మీద పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, చిరునామా చూపించి సరేనా అని అడుగుతారు. వెనక లైనుందని తలూపేయకుండా ఒక్కో అక్షరం చదవండి. తప్పు కనిపిస్తే అక్కడే నిమిషంలో దిద్దుతారు. బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే రసీదులో కూడా ఇంకోసారి చూసుకోండి. ఫోటో వెనక తెల్ల తెర ఉంటుంది కాబట్టి తెల్ల చొక్కా వద్దు, ముదురు రంగు మేలు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫోటో మీరే తీసుకెళ్లాలి. మెహందీ ఆరని చేతులతో వెళితే వేలిముద్రలు సరిగా పడవు.

మంజూరయ్యాక పోలీస్ వెరిఫికేషన్. తెలంగాణలో ఈ పని ట్యాబ్ మీద జరుగుతుంది, వేగంగానే అవుతుంది. ఆగిపోయేది చిరునామా దగ్గర. ఆధార్ మీద కరీంనగర్ దగ్గరి ఊరు, ఉండేది కూకట్‌పల్లి హాస్టల్. ఫారంలో ఊరి చిరునామా రాస్తే పోలీసులు ఊరికే వెళతారు, మనిషి ఉండడు, 'అడ్రసులో లేరు' అని రిపోర్టు పోతుంది, ఫైలు సికింద్రాబాద్ ప్రాంతీయ కార్యాలయంలో నిలిచిపోతుంది. ఇప్పుడు ఎక్కడుంటున్నారో అదే రాయాలి, దానికి రుజువూ ఉండాలి. ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్‌లో ఇక్కడి చిరునామా వేయించుకోవడం అద్దెకుండేవాళ్లకు అన్నింటికన్నా తేలికైన దారి. ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబరు మీ చేతిలో ఉన్నదే అయ్యుండాలి, నెట్ సెంటర్‌ది కాదు. పోలీసులకు విడిగా కట్టాల్సిన రుసుము ఏదీ లేదు. పుస్తకం స్పీడ్ పోస్టులో వస్తుంది, అర్జీదారు చేతికే ఇస్తారు. ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవాళ్లు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

పోలీస్ కేసు పెండింగ్‌లో ఉంటే ఫారంలో దాచకండి. కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి పాస్‌పోర్టు వస్తుంది. దాస్తే షోకాజ్ నోటీసు వస్తుంది. ఫారం నింపేముందు సైటు పేరు చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకోండి. దాన్ని పోలిన నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. అనుమానం వస్తే 1800-258-1800కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు టెన్త్ మెమో తప్పక పెట్టాలి. లేకపోతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ పడుతుంది, అంటే పనికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమన్న గుర్తు. సౌదీ, కువైట్, ఖతార్ సహా 18 దేశాలకు పని వీసా మీద వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి క్లియరెన్సు కావాల్సి వస్తుంది. టెన్త్ పాసై ఉండి కూడా మెమో ఇంట్లో మరిచిపోయి ఈసీఆర్ వేయించుకోవడం ఎంత నష్టమో విమానాశ్రయంలో ఆపినప్పుడు గానీ తెలియదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, 50 ఏళ్లు దాటినవాళ్లకు ఈ గొడవ లేదు.

పాస్‌పోర్టు చేతికొచ్చాక చేసుకోదగిన పని ఇంకోటి ఉంది. శంషాబాద్‌లో 2025 జనవరి 16 నుంచి ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ నడుస్తోంది. ఢిల్లీలో 2024 జూన్‌లో మొదలై ఆ రోజు మరో ఏడు విమానాశ్రయాలకు వచ్చింది. హోం శాఖ పోర్టల్‌లో అర్జీ పెట్టాలి, ఉచితం. పరిశీలన అయ్యాక వేలిముద్రలు, ముఖం విమానాశ్రయంలో గానీ విదేశీయుల నమోదు చూసే ఎఫ్ఆర్ఆర్ఓ ఆఫీసులో గానీ ఇవ్వాలి. తర్వాత ప్రయాణాల్లో ఈ-గేటు దగ్గర బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు స్కాన్ చేసి, ముఖం సరిపోతే గేటు తెరుచుకుంటుంది. ఏటా రెండు మూడుసార్లు తిరిగేవాళ్లకు, మనవళ్ల కోసం డల్లాస్ వెళ్లొచ్చే తల్లిదండ్రులకు అర్ధరాత్రి విమానాల వేళ ఇది ఎంతో మేలు. వయసు పరిమితి చూసుకోండి, 70 దాటితే నమోదు కుదరదు.

ఈ నమోదు ఐదేళ్లు లేదా పాస్‌పోర్టు గడువు, ఏది ముందైతే అంతవరకే. అర్జీ పెట్టేనాటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి. అందుకని రెన్యువల్ దగ్గర పడ్డవాళ్లు ముందు కొత్త పుస్తకం తెచ్చుకుని, ఆ నంబరుతోనే ఫాస్ట్ ట్రాక్‌కు పెట్టుకోండి. గేటు దాటించేది ఇమిగ్రేషన్‌నే. సెక్యూరిటీ చెక్, తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ మామూలే కాబట్టి ఇంటి నుంచి బయల్దేరే టైము మాత్రం తగ్గించుకోవద్దు.