పెద్ద మొత్తం చేతికొస్తే: ఒకేసారి పెట్టాలా, విడతలుగా పెట్టాలా?

ఆస్తి అమ్మితే డబ్బు వస్తుంది, రిటైరైతే వస్తుంది, వారసత్వంగానూ వస్తుంది. దాన్ని మార్కెట్లో ఒకేసారి పెట్టేయాలా, ఏడాది పాటు నెలనెలా కొంచెం కొంచెంగా పెట్టాలా? ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. మార్కెట్ పైన ఉంటే ‘ఇప్పుడు పెడితే పడిపోతుందేమో’ అని భయం, కింద ఉంటే ‘ఇంకా పడుతుందేమో’ అని భయం. కాబట్టి ఈ ప్రశ్నకు సీజన్ లేదు.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. జీతంలోంచి నెలనెలా సిప్ (ఫండ్‌లో నెలకు ఇంత అని పెట్టే పద్ధతి) కట్టేవాళ్లకు ఈ సమస్యే లేదు. వాళ్ల చేతికి డబ్బే నెలకోసారి వస్తుంది, వచ్చింది వచ్చినట్టు పెట్టేస్తున్నారు. అంటే నిజానికి వాళ్లూ ఉన్నదంతా ఒకేసారి పెట్టేవాళ్లే. ‘సిప్ మంచిదంటారుగా, ఈ పెద్ద మొత్తాన్నీ అలాగే పెడతాను’ అనడం వేరే సంగతి. మొత్తం ఇవాళే చేతిలో ఉన్నప్పుడు విడతలుగా పెట్టడమంటే, మిగతాదాన్ని నెలల తరబడి పక్కన కూర్చోబెట్టడమే.

ఇక్కడ మాట్లాడుతున్నది కనీసం ఏడెనిమిదేళ్లు అక్కర్లేని డబ్బు గురించి. అత్యవసరాలకు విడిగా దాచుకోవడం, ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చేయడం అయిపోయాయనే అనుకుంటున్నాను.

లెక్కల మొగ్గు ఒకేసారి పెట్టడం వైపే ఉంది. అమెరికా పెట్టుబడుల సంస్థ వాన్‌గార్డ్ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల పాత గణాంకాలు తీసుకుని ఈ రెండు పద్ధతులనూ పోల్చింది. 12 నెలల విడతలతో పోలిస్తే, ఒకేసారి పెట్టినవాళ్లు సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లో ముందున్నారు. ఇందులో మాయేమీ లేదు. షేర్లు, బాండ్లు దీర్ఘకాలంలో నగదు కంటే ఎక్కువ సంపాదించాయి కాబట్టి, పక్కన కూర్చున్న డబ్బు సగటున వెనకబడింది. మిగిలిన మూడో వంతులో విడతలదే పైచేయి. పెట్టిన కొద్ది నెలలకే మార్కెట్ పడిన సందర్భాలు అవి. మనకు వచ్చేది ఏ రకం ఏడాదో ముందుగా తెలిసే దారి లేదు.

విడతలవైపు వాళ్లు తప్పకుండా చెప్పే మాట ‘యావరేజ్ అవుతుంది’. నిజమే, అవుతుంది. ఫండ్‌లో ఒక యూనిట్ (ఒక వాటా) ధర ఈ నెల 100, వచ్చే నెల 50 అనుకోండి. నెలకు 1,000 చొప్పున పెడితే 10 యూనిట్లు, 20 యూనిట్లు, మొత్తం 30 వస్తాయి. ఒక్కో యూనిట్‌కు పడిన ఖర్చు 67 లోపే. మొదటి రోజే 2,000 పెట్టేసినవాళ్లకు 20 యూనిట్లే. ఇక ధర 100 నుంచి 150కి పెరిగిందనుకోండి. విడతల్లో కొన్నవాళ్లకు ఒక్కో యూనిట్ 120 పడింది, ఒకేసారి కొన్నవాళ్లకు 100. రెండో ఉదాహరణలో కూడా విడతల ఖర్చు రెండు నెలల సగటు ధర 125 కంటే తక్కువే! సమాన మొత్తాలతో కొంటే అలా తక్కువ రావడం ఉత్త అంకగణితం, ధర ఎటు కదిలినా వస్తుంది. దాన్ని లాభానికి రుజువుగా చూపిస్తే మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలామంది విడతలను ఎంచుకునేది రిస్క్ తగ్గుతుందని. తగ్గుతుంది, కానీ విడతలు నడిచినన్నాళ్లే. చివరి విడత పెట్టిన మర్నాటి నుంచి మీరు, మొదటి రోజే అంతా పెట్టినవాళ్లు ఒకే రిస్క్‌లో ఉంటారు. చెరువులోకి దూకినా, మెట్టు మెట్టు దిగినా లోతు అదే.

2007 చూడండి. అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఆ ఏడాది అక్టోబర్ 9న 1,565 దగ్గర ముగిసింది. 2009 మార్చి 9కి 676కు దిగింది. అంటే సుమారు 57 శాతం పతనం. సరిగ్గా శిఖరం మీద అంతా పెట్టినవాళ్ల నష్టం అది. మరి ఆ అక్టోబర్‌లోనే మొదలుపెట్టి, నెలకొకటి చొప్పున 12 విడతలు పెట్టినవాళ్లు? వాళ్ల చివరి విడత 2008 సెప్టెంబర్‌లో పడింది. అమెరికా పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది ఆ నెల 15నే. అసలు దెబ్బ మొదలయ్యేసరికి వాళ్ల డబ్బంతా లోపలే ఉంది. నెలాఖరు సూచీలతో లెక్కేస్తే, మార్చి నాటికి వాళ్లకూ దాదాపు సగం పోయింది. 57కు బదులు 50. ఏడాది పాటు జాగ్రత్తపడినందుకు దక్కిన రక్షణ అంతే.

ఇప్పుడు మూడో మనిషిని తీసుకోండి. శిఖరం రోజునే ఒకేసారి పెట్టారు, కానీ సగం షేర్లలో, సగం బ్యాంకు డిపాజిట్‌లో. డిపాజిట్ వడ్డీ, షేర్ల డివిడెండ్లు పక్కన పెట్టినా మొత్తం మీద నష్టం 28, 29 శాతం. నిద్ర పట్టనివ్వదు గానీ, తట్టుకోగల నష్టం. అంత చెడ్డ రోజున దిగిన ఈ మనిషిని కాపాడింది షేర్ల వాటా సగమే ఉండటం. దిగిన వేగానికి అక్కడ పనే లేదు. అందుకే ‘ఒకేసారా, విడతలుగానా’ అని ఎవరు అడిగినా, ‘షేర్లలో ఎంత శాతం?’ అని నేను తిరిగి అడుగుతాను. చాలామంది ఆ లెక్క వేసుకోకుండానే వేగం గురించి టెన్షన్ పడుతుంటారు. ఒకేసారి పెట్టాలంటే చేయి వణుకుతోందంటే, అనుకున్న వాటా మీకు ఎక్కువైందని అర్థం. వాటా తగ్గించి ఒకేసారి పెట్టడమే నా దృష్టిలో మేలు.

వాటా తేల్చుకోవడానికి నాకు తెలిసిన సులువైన దారి ఒకటుంది. షేర్లలో పెట్టాలనుకున్న మొత్తాన్ని కాగితం మీద సగానికి కొట్టేయండి. 20 లక్షల్లో 16 లక్షలు షేర్లకు అనుకుంటే, మీ దగ్గర 12 లక్షలే మిగిలినట్టు. శాతాల్లో చూడకండి, అంకెల్లో చూడండి. ఆ స్థితిలో అమ్మకుండా నాలుగైదేళ్లు ఆగగలరా? ఎస్ అండ్ పీ 500 తిరిగి 2007 నాటి స్థాయి దాటింది 2013లో. ఆగలేమనిపిస్తే 16ను 10 చేసి మళ్లీ సగానికి కొట్టి చూడండి. అలాగని షేర్ల భాగమంతా ఒకే దేశంలో ఉంటే ఈ పరీక్ష కూడా చాలకపోవచ్చు. 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర ముగిసిన జపాన్ షేర్ల సూచీ నిక్కీ మళ్లీ ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరిలో.

విడతలకు న్యాయం చేయాలి కాబట్టి వాటి అసలు బలం కూడా చెబుతాను. ఆ బలం మనసుకు సంబంధించినది. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే వివరించారు. పెట్టిన నెలలోనే మూడో వంతు పోతే ‘నా వల్లే పోయింది’ అనే బాధ మనిషిని మార్కెట్ నుంచి శాశ్వతంగా తరిమేస్తుంది. 2020లో ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపే ఎస్ అండ్ పీ 500 సుమారు 34 శాతం పడింది. ఆగస్టుకల్లా పాత శిఖరం దాటేసింది. ఆ మార్చిలో భయపడి అమ్మేసినవాళ్ల కంటే, ఫిబ్రవరి నుంచి విడతలు పెడుతూ పోయినవాళ్లు ఎంతో నయం. కొత్తగా మార్కెట్లోకి వచ్చేవాళ్లు, జీవితంలో ఒక్కసారే ఇంత డబ్బు చూసేవాళ్లు విడతలు కోరుకుంటే నేను అడ్డు చెప్పను. అసలు పెట్టకుండా ఏళ్ల తరబడి ఊరుకోవడం కంటే అది చాలా మెరుగు.

‘పడ్డాక పెడతాను’ అనేది మూడో దారి. ఎంత పడితే పెడతారో ముందే రాసిపెట్టుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. రాసుకున్నా, ఆ రోజు వచ్చేసరికి వార్తలు చూసి ఇంకా ఆగుదామనిపిస్తుంది. ధర తగ్గినప్పుడు ఎక్కువ, పెరిగినప్పుడు తక్కువ పెట్టే వాల్యూ యావరేజింగ్ అనే పద్ధతి కూడా ఉంది. లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు సరే.

విడతలే అని తేల్చుకుంటే 6 నెలలు, మహా అయితే 12 నెలలు. అంతకు మించితే పక్కనున్న డబ్బు మరీ వెనకబడుతుంది. తేదీలు, మొత్తాలు మొదటి రోజే నిర్ణయించి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టేయండి. చేత్తో పెట్టేవాళ్లు ఆపేసేది సరిగ్గా మార్కెట్ పడిన నెలలోనే, అంటే విడతలు పనికొచ్చే నెలలోనే. పెట్టాల్సిన మిగతా డబ్బును లిక్విడ్ ఫండ్‌లోనో (తక్కువ రిస్క్‌తో, త్వరగా వెనక్కి తీసుకోగల ఫండ్), స్వల్పకాలిక డిపాజిట్‌లోనో ఉంచండి. రోజువారీ ఖర్చుల ఖాతాలో ఉంచితే మూడో విడత నాటికే అందులోంచి ఏదో ఒకటి కొనేసి ఉంటారు.