కింబర్లీ తీరంలో ఓడ ప్రయాణం: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఆస్ట్రేలియా పటంలో వాయవ్య మూలన, బ్రూమ్ అనే చిన్న ఊరికీ డార్విన్ నగరానికీ నడుమ ఉన్న ప్రాంతం కింబర్లీ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే 2,75,000 చదరపు కిలోమీటర్లు. కింబర్లీ ఒక్కటే 4,20,000 పైన. అంత నేలలో ఉన్న జనం మాత్రం మన ఓ మాదిరి మునిసిపాలిటీకి సరిపోయేంత మంది. తీరం వెంట చాలా మేర రోడ్డు లేదు, రేవు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. చూడాలంటే ఓడ ఎక్కాలి, లేదా చిన్న విమానం మాట్లాడుకోవాలి. ఓడ వాళ్లు అడిగే ధర వింటే ఎవరికైనా ముందు గుండె గుభేలుమంటుంది.

పది రాత్రుల ప్రయాణానికి మనిషికి పది వేల ఆస్ట్రేలియన్ డాలర్ల పైమాటే. హెలికాప్టర్ మోసుకెళ్లే చిన్న ఓడలైతే ఇరవై వేలు కూడా దాటతాయి. మా అక్క ఆ అంకె విని, "ఒరేయ్, ఈ డబ్బుతో చార్‌ధామ్ రెండుసార్లు తిరిగి రావచ్చురా" అంది. నేను ఉండేది పెర్త్‌లో. అక్కా బావగారూ విశాఖ నుంచి వచ్చారు. బావగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, మోకాలు సరిగా లేదు. అక్క శాకాహారి. ఈ రెండూ ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఓడల గురించి నేను ఇచ్చే తీర్పులు సగం వాటి మీదే ఆధారపడ్డాయి.

ఈ తీరంలో కెప్టెన్ మాట కన్నా పోటుపాట్ల మాటే చెల్లుతుంది. కింబర్లీలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య తేడా కొన్ని చోట్ల 11 మీటర్లు. అంటే మూడంతస్తుల మేడంత నీరు ఆరు గంటల్లో లేచి, మళ్లీ ఆరు గంటల్లో దిగిపోతుందన్నమాట. "మన దగ్గర ఎంత పెద్ద పోటుకైనా నీరు మనిషి ఎత్తు లేవదయ్యా" అన్నారు బావగారు, డెక్ మీద పోటు పట్టిక చూస్తూ. ఏ రోజు ఎన్నింటికి దిగాలి, ఏ నదిలోకి వెళ్లాలి, ఎప్పుడు భోజనం చేయాలి, అన్నీ ఆ పట్టిక చెప్పినట్టే జరిగాయి. ఒకరోజు ఉదయం నాలుగున్నరకు లేపారు. ఇంకోరోజు మధ్యాహ్నం దాకా ఖాళీ. విశ్రాంతిగా పడుకుని సముద్రం చూద్దామనుకునేవాళ్లకు ఇది సరిపడే ప్రయాణం కాదు.

అందుకే నా మొదటి సలహా: తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం తీయండి. పౌర్ణమి, అమావాస్యలు దాటాక ఒకటి రెండు రోజులకు పోటు అత్యధికం, అష్టమి దాటాక అత్యల్పం. మాంట్‌గోమరీ రీఫ్ అనే పగడపు దిబ్బ దాదాపు 400 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. పోటులో అది కనిపించదు, అంతా సముద్రమే. పాటు మొదలయ్యాక దిబ్బ పైకి లేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి నీరే దిగుతోంది. దిబ్బ మీద మిగిలిన నీరు అంచుల నుంచి వందల పాయలుగా కిందికి జారుతుంటే, రబ్బరు పడవల్లో దాని పక్కనే వెళ్తాం. తాబేళ్లు, చిన్న సొరచేపలు, పాయల నోళ్ల దగ్గర కాచుకున్న కొంగలు. ఇది పౌర్ణమి దగ్గర పడితే చూడాలి, అష్టమి దగ్గర చూస్తే సగం కూడా ఉండదు. మొత్తం ప్రయాణంలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది ఇదే అని నా లెక్క.

ఎక్కువ మంది వెళ్లేది హారిజాంటల్ ఫాల్స్ కోసం. టాల్బట్ బేలో, మెక్‌లార్టీ కొండవరసలో రెండు ఇరుకు సందులున్నాయి. పోటు నీరు ఆ సందుల్లోంచి ఒకేసారి వెళ్లలేక ఒకవైపు ఎత్తుగా పేరుకుని, అడ్డంగా పారే జలపాతంలా దూకుతుంది. కరపత్రాల్లో హోరెత్తే నీటి మీద వేగపడవ దూసుకుపోయే ఫొటోలుంటాయి. ఆ నేల దంబిమంగారి అనే ఆదివాసీ ప్రజలది. వాళ్ల నమ్మకంలో అది పవిత్ర స్థలం, సందుల్లోంచి పడవలు వెళ్లకూడదని వాళ్లు కోరుతున్నారు. 2022లో ఒక పర్యాటక పడవకు పెద్ద ప్రమాదం జరిగి పలువురు గాయపడ్డారు కూడా. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2028 నాటికి సందుల్లోంచి పడవ సవారీలు ఆపేస్తామని ప్రకటించింది. సందు ముందు పడవ ఆపి నీటిని చూడటమే నాకు బాగా నచ్చింది, ఆ శబ్దం అక్కడే వినిపిస్తుంది. లోపలికి వెళ్లలేదని నొచ్చుకునే పనిలేదు. మన గుళ్లలో గర్భగుడి గుమ్మం దగ్గరే ఆగిపోవడం మనకు అలవాటే కదా.

దంబిమంగారి గైడ్లు నడిపే ఫ్రెష్‌వాటర్ కోవ్‌లో దిగినప్పుడు మొహానికి ఎర్రమన్ను రాసి, పొగ పెట్టి ఆహ్వానించారు. పైన కొండగుహలో వాంజినా చిత్రాలున్నాయి: పెద్ద కళ్లు, తల చుట్టూ వలయం, నోరు లేని దేవతలు. వాన కురిపించేది వాళ్లేనని ఇక్కడి వాళ్ల నమ్మిక. రంగు వెలిసిన చిత్రాలను తరతరాలుగా మళ్లీ దిద్దుతూ వచ్చారు, అంటే ఇవి పాతబడిన చిత్రాలు కావు, ఇంకా బతికున్న ఆచారం. గైడు చెప్పేవరకు ఫొటో తీయవద్దు. ఉత్తరాన గ్వియాన్ గ్వియాన్ అనే ఇంకో శైలి చిత్రాలు కనిపిస్తాయి, సన్నని మనుషులు, కుచ్చుల నడుములు, తలపాగాలు. వాటి మీద కందిరీగలు కట్టిన గూళ్ల మట్టిని పరీక్షించి, చాలావాటి వయసు సుమారు 12,000 ఏళ్లని 2020లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఓడలో ఎక్కే ముందు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇదే: ఈ చిత్రాలను స్థానిక ప్రజల్లో ఎవరైనా వచ్చి వివరిస్తారా, లేక ఓడ సిబ్బందే చదివి వినిపిస్తారా? మేము రెండు రకాలూ చూశాం. రెండోది పుస్తకం చదివి వినిపించినట్టే ఉంది.

ఇక జలపాతాలు. కింగ్ జార్జ్ నది ముఖం నుంచి ఎర్రటి ఇసుకరాయి గోడల మధ్య చాలా దూరం లోపలికి వెళ్తే, చివర 80 మీటర్ల ఎత్తునుంచి జంటగా దూకుతుంది. ఏప్రిల్ చివర, మేలో అయితే నిజంగానే జంట జలపాతాలు. ఆగస్టుకు అవి రెండు తడి చారలు కావచ్చు. తిమింగలాల సంగతి దానికి తలకిందులు. హంప్‌బ్యాక్ తిమింగలాలు అంటార్కిటికా నుంచి పిల్లల్ని కనడానికి ఇక్కడి కామ్డెన్ సౌండ్‌కు వస్తాయి, జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా. అంటే నీళ్లు కావాలా, తిమింగలాలు కావాలా, ఒకటి ఎంచుకోవాలి. రెండూ బాగా దొరుకుతాయని చెప్పే ఏజెంటును నమ్మకండి. జూన్ మధ్యలో కొంచెం ఇదీ కొంచెం అదీ దొరుకుతుంది. పిల్లల సెలవుల మూలంగా జులైలో ధరలు బాగా పెరుగుతాయి.

మిచెల్ ఫాల్స్‌కు ఓడ చేరదు. హంటర్ నది దగ్గర ఇసుకమేట మీద హెలికాప్టర్ దిగుతుంది, అదనంగా కొన్ని వందల డాలర్లు. నాలుగు అంతస్తులుగా దూకే జలపాతం పైనుంచి చూస్తే నిజంగా అందంగా ఉంది. అక్క భయపడుతూనే ఎక్కి, దిగాక ఇంకోసారి తిప్పమంటుందేమో అనిపించింది. అయితే ఇది ప్యాకేజీలో కలిసి ఉందో లేదో ముందే చూసుకోండి.

యుద్ధం జాడలు కూడా ఇక్కడివే. వాన్సిట్టార్ట్ బే ఒడ్డున 1942లో దారి తప్పి దిగిన అమెరికన్ సైనిక విమానం ఇంకా ఎండలో పడుంది. అందులో ఉన్నవాళ్లంతా బతికి బయటపడ్డారు. బ్రూమ్ మీద జపాన్ విమానాలు దాడి చేసింది 1942 మార్చి 3న. ఆనాడు మునిగిన నీటి విమానాల శిథిలాలు పెద్ద పాటులో బురదలోంచి బయటపడతాయి. బావగారు ఈ రెండిటి దగ్గర ఎక్కువసేపు గడిపారు, నాకు అంత ఆసక్తి లేదు. నాకు నచ్చింది కెరీనింగ్ బేలో బోయబ్ చెట్టు. 1820లో ఇక్కడ ఓడ మరమ్మతు చేసుకున్న ఇంగ్లీషు నావికులు దాని బోదె మీద తమ ఓడ పేరు, ఏడాది చెక్కి వెళ్లారు, అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. గోల్కొండ నయా ఖిలాలో ఉన్న ఏనుగు చెట్టు చూసినవాళ్లకు ఈ లావు బోదె చూడగానే ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది, రెండూ దగ్గరి బంధువులైన చెట్లే.

ఇప్పుడు ఓడల విషయం. ట్రూ నార్త్‌లో 36 మంది ప్రయాణికులు, హెలికాప్టర్ ఓడ మీదే ఉంటుంది. కోరల్ అడ్వెంచరర్‌లో 120 మంది. ఫ్రెంచి పోనాంత్ వారి ల లపెరూజ్ తరహా ఓడల్లో 184. సీబోర్న్ పర్స్యూట్‌లో 264. మేమెక్కిన ఓడ ఈ పేర్లలో లేదు, మధ్యరకం సైజు. వీటిలో ముందు చూడాల్సింది గదిలో బాత్‌టబ్బు ఉందా, రెస్టారెంట్లు ఎన్ని అని కాదు, ఒకేసారి ఎంతమందిని పడవల్లో దించగలరు, ఎలా దించగలరు అని. రబ్బరు పడవలు పది మందిని పట్టుకెళ్తాయి. ఓడ పక్కనున్న మెట్ల నుంచి ఊగుతున్న పడవలోకి అడుగేయాలి, ఒడ్డున మోకాళ్ల లోతు నీళ్లలో దిగాలి. సిబ్బంది చేతులు పట్టి దించుతారు, కానీ బావగారి లాంటివాళ్లకు ప్రతిసారీ అది ఒక పరీక్షే. కోరల్ అడ్వెంచరర్ రకం ఓడల్లో అరవై మంది పట్టే పెద్ద పడవల్లో డెక్ మీదే కూర్చుని, పడవతో సహా నీళ్లలోకి దిగే ఏర్పాటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు దీన్ని తప్పక పరిశీలించండి. మా ఓడలో మా బృందం వంతు రావడానికి ఒక మధ్యాహ్నం చాలాసేపు వేచి ఉండాల్సి వచ్చింది, అప్పటికి పాటు అయిపోయింది. మిగిలిన బృందాలు చూసిన దాంట్లో సగమే మేము చూశాం. పెద్ద ఓడల్లో ఇలాంటిది జరగడానికి ఎక్కువ అవకాశం ఉంది.

భోజనం విషయంలో నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. "శాకాహారం ఏర్పాటు చేస్తాం" అని బుకింగ్‌లో రాసుకున్నారు. రోజూ వంకాయ, పుట్టగొడుగులు, ఉడికించిన గుమ్మడి. మూడోరోజుకి అక్క వంటవాడిని కలిసి, "పప్పుంటే తాలింపు నేను వేసుకుంటాను" అంది. అతను మొహమాటపడ్డాడు, కానీ మరునాడు నుంచి పప్పు వచ్చింది. ఆవకాయ వెంట తెచ్చుకునేవారు విమానాశ్రయంలో తప్పక డిక్లేర్ చేయండి. మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి వచ్చినా సరే, పశ్చిమ ఆస్ట్రేలియాలోకి తాజా పండ్లు, తేనె తేకూడదు. ఇంకో సంగతి: చాలా ఓడల ధరలో మద్యం కలిసే ఉంటుంది. మీరు తాగనివారైతే ఆ డబ్బు వృథా, ధరలు పోల్చేటప్పుడు అది తీసేసి చూడండి.

ఓడలు తిరిగే వానల్లేని నెలల్లో పగటి వేడి ముప్పై డిగ్రీల చుట్టూ, చెమట తక్కువ. కనిపించని ఇసుక దోమలు మాత్రం మడ అడవుల దగ్గర బాగా కుడతాయి, పూర్తి చేతుల చొక్కా ఉండాలి. ఈతకు ఒడ్డున దిగడం కుదరదు, ఉప్పునీటి మొసళ్లున్నాయి. అనారోగ్యం వస్తే ఆసుపత్రి చాలా దూరం, బీమాలో వైద్య తరలింపు కలిసి ఉందో లేదో చూసుకోండి.

బ్రూమ్‌లో ఓడెక్కే ముందు రెండు రాత్రులైనా ఉండండి. కేబుల్ బీచ్ దగ్గరి రిసార్టులు జులైలో ఒళ్లు మండిపోయే ధర చెప్తాయి, బీచ్ మాత్రం ఉచితం. చైనాటౌన్ వైపు మామూలు గదిలో ఉండి, బస్సులో సాయంత్రం బీచ్‌కు వెళ్లి రావచ్చు. ఒంటెల సవారీ వదిలేయండి. పౌర్ణమి దగ్గరైతే రోబక్ బేలో పాటు సమయాన, బురద నేల మీద చంద్రుడి వెలుగు మెట్లుగా కనిపిస్తుంది, దానికి టికెట్ లేదు. ముత్యాల వేటకు వచ్చి చనిపోయిన జపనీయులు తొమ్మిది వందల మందికి పైగా ఉన్న స్మశానం కూడా ఊళ్లోనే. అది చూశాక అక్క ముత్యాల దుకాణంలో రేటు అడిగి, "పత్తర్‌గట్టిలో బేరమాడొచ్చు, ఇక్కడ అదీ లేదు" అని బయటికొచ్చింది. ఇక్కడి దక్షిణ సముద్రపు ముత్యాలు మాత్రం హైదరాబాదులో దొరికేవాటి కన్నా చాలా పెద్దవి.

డార్విన్‌లో దిగాక అదే రోజు విమానం పెట్టుకోవద్దు. ఒక రాత్రి ఉండి, గురు, ఆదివారాల్లో అయితే మిండిల్ బీచ్ సంతకు వెళ్లి రండి. సింగపూర్ మీదుగా ఇంటికి చేరేవారికి డార్విన్ నుంచి వెళ్లడమే సులువు, కాబట్టి భారత్ నుంచి వచ్చేవారు బ్రూమ్‌లో ఎక్కి డార్విన్‌లో దిగే దిశనే ఎంచుకోండి.