ఏడేళ్లుగా ఆన్‌లైన్ అర్జీలు, పంచాయతీ పోర్టళ్లు వాడిన తరువాత: గజపతి జిల్లా నుంచి ఒక సమీక్ష

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ బ్లాకులో వంశధార పక్కనున్న ఒక పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, పిల్లలు ఒడియా బడికి వెళతారు, ఆఫీసు కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. 2017 నుంచి 2022 దాకా నేను వార్డు మెంబరుగా పనిచేశాను. ఆ పదవీకాలం ముగిసిన తరువాత కూడా అర్జీలు రాయించుకునేవాళ్లు మా అరుగు మీదికే వస్తున్నారు. 2018లో మొదటిసారి ఆన్‌లైన్‌లో ఒక ఫిర్యాదు పెట్టాను. అప్పటి నుంచి కేంద్ర ప్రభుత్వపు ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్, రాష్ట్ర ప్రభుత్వపు ఫిర్యాదుల పోర్టల్ జనశుణాణి, కేంద్రానికి సూచనలు చెప్పే మైగవ్, పంచాయతీ ప్రణాళికలు, ఖర్చులు చూపే ఈ-గ్రామ్ స్వరాజ్, మేరీ పంచాయత్ యాప్ అన్నీ వాడుతూ వచ్చాను. నా కోసం, ఊరివాళ్ల కోసం పెట్టిన 38 అర్జీల నంబర్లు, తేదీలు, జవాబులు ఒక నోటుబుక్కులో రాసి ఉంచుకున్నాను. ఆ నోటుబుక్కు ముందు పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇన్నేళ్ల వాడకంలో నాకు అర్థమైనది ముందే చెబుతాను. మన చేత ఎక్కువగా వాడించేది ఫిర్యాదు పేజీ అయినా, మనకు ఎక్కువగా పనికివచ్చేది పంచాయతీ ప్రణాళిక పేజీ. ఫిర్యాదు అన్నది నిర్ణయం జరిగిపోయాక పెట్టుకునేది. ప్రణాళిక మాత్రం డబ్బు ఖర్చు కాకముందే కంటికి కనిపిస్తుంది, దాన్ని సభలో మార్చుకోవచ్చు. ఈ తేడా తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మొదటి ఫిర్యాదు తిత్లీ తుఫాను నాటిది. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటింది, మా జిల్లాలో వంశధార, మహేంద్రతనయ రెండూ పొంగాయి. దెబ్బతిన్న ఇళ్ల జాబితాలో మా వీధివి ఏడు ఇళ్లు లేవు. గోడలు కూలిన ఫొటోలు, ఇంటి యజమానుల పేర్లు జతచేసి ఆన్‌లైన్‌లో పంపాను. మూడు వారాల తరువాత ‘సంబంధిత అధికారికి పంపడమైనది’ అన్న ఒక్క వాక్యంతో ఒక కార్యాలయం ఆ ఫిర్యాదును మూసివేసింది. ఇళ్లు చూడటానికి ఎవరూ రాలేదు. ఆ కాగితాన్నే ప్రింటు తీయించి, కలెక్టరు, ఎస్పీ కలిసి సోమవారం నిర్వహించే ఉమ్మడి విచారణకు పట్టుకెళ్లాను. రిజిస్ట్రేషను నంబరు, తేదీ ఉన్నందువల్ల గడువులోగా చెప్పలేదని మమ్మల్ని ఎవరూ అనలేకపోయారు. రెండో విచారణలో ఆ ఏడు పేర్లూ జాబితాలో చేరాయి. ఆన్‌లైన్ ఫిర్యాదుకున్న అసలు బలం ఆ తేదీలోనే ఉందని నా అనుభవం. పని జరగడానికి మనిషి ఎదురుగా నిలబడవలసి వచ్చింది గాని, ఆ తేదీ లేకపోతే నిలబడినా ఫలితం ఉండేది కాదు.

సీపీగ్రామ్స్‌లో పరిష్కారానికి ఒకప్పుడు 60 రోజుల గడువు ఉండేది. అది 45కు, తరువాత 30కి, 2024 ఆగస్టులో 21 రోజులకు తగ్గింది. మూసిన ఫిర్యాదు మీద మన అభిప్రాయం చెప్పవచ్చు, తృప్తి లేకపోతే అప్పీలు చేసుకోవచ్చు. ఈ అప్పీలు మీటను చాలామంది వాడరు. తప్పకుండా వాడమని గట్టిగా చెబుతాను, ఎందుకంటే నా నోటుబుక్కులో పని జరిగిన వాటిలో సగానికి పైగా అప్పీలు తరువాతే కదిలాయి. గడువు తగ్గించడం మంచిదే అయినా, జవాబు త్వరగా రావడం ఒకటి, బోరింగు బాగుపడటం మరొకటి. ఫిర్యాదు మూసే ముందు పని జరిగిన చోట తీసిన ఫొటోను అర్జీదారుకు చూపించాలన్న నియమం ప్రతి పోర్టల్‌లోనూ ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక ఓటీపీ సంగతి. బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని మా ప్రాంతంలో సగం కష్టం ఇక్కడే ఉంది. మా పల్లెల నుంచి మగపిల్లలు హైదరాబాదుకో చెన్నైకో కూలిపనులకు వెళతారు. ఇంటిదగ్గర తల్లి పేరున ఉన్న పింఛను, రేషను కార్డు అన్నిటికీ కొడుకు ఫోను నంబరే ఎక్కించి ఉంటుంది. నేను మా అరుగు మీద కూర్చుని ఆ తల్లి అర్జీని నింపుతూ ఉంటే, ఓటీపీ హైదరాబాదులో సెంట్రింగు పనిమీద ఉన్న కొడుకు ఫోనుకు వెళుతుంది. అతను దిగివచ్చి చూసి అంకెలు చదివేలోపు దాని కాలం తీరిపోతుంది. ఒక ఆమె పింఛను అర్జీ విషయంలో మూడుసార్లు అలా జరిగి నాలుగోసారి కుదిరింది. అంతకంటే బాధ కలిగించినది తరువాత జరిగింది. అర్జీ మూసివేసినట్లు వచ్చిన సందేశం కూడా కొడుకుకే వెళ్లింది, ఇంగ్లీషులో ఉన్నందువల్ల అతను దాన్ని పట్టించుకోలేదు, తల్లికి తెలిసేసరికి అప్పీలు గడువు దాటిపోయింది. అప్పటి నుంచి ఎవరి అర్జీ పెట్టినా నంబరు నేనే రాసుకుని పది రోజులకొకసారి స్థితి చూస్తున్నాను. ఇది ఒక మనిషి ఓపిక మీద నడిచే ఏర్పాటు. వాయిస్ కాల్‌లో తెలుగులోనో ఒడియాలోనో ‘మీ అర్జీ మూసివేశారు, మీకు అభ్యంతరం ఉందా’ అని అడిగితే ఆ తల్లే జవాబు చెప్పగలదు.

భాష గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొండవాగును మేము గెడ్డ అంటాం. పొలాలను ఆనుకుని పారే మా గెడ్డ గట్టు ప్రతి వానాకాలం కోతకు గురవుతుంది. రెండేళ్ల క్రితం దాని గురించి తెలుగులో అర్జీ రాసి, అనువాద యంత్రంతో ఒడియాలోకి మార్చి పంపాను. నాకు ఒడియా మాట్లాడటం బాగా వచ్చినా రాయడం అంతంత మాత్రం కావడంతో, మార్చిన ప్రతిని మళ్లీ చదివించుకోకుండా పంపడం నా తప్పే. యంత్రం గెడ్డను గడ్డగా తీసుకుని, దాన్ని దుంపగా మార్చింది. అర్జీ సాగు వ్యవహారాలు చూసే ఒక కార్యాలయానికి చేరింది, అక్కడివాళ్లు ఇది మా పరిధిలోది కాదని మూసివేశారు. ఈ తిరుగుడులోనే జులై వచ్చింది, వరదకు ఒక చిన్న రైతు చేనులో ఎనిమిది అడుగుల గట్టు జారిపోయింది. తరువాత గెడ్డకు బదులు వాగు అని రాసి, పక్కింటి కాలేజీ అబ్బాయితో ఒడియా ప్రతిని చదివించి పంపితే, అది సరైన చోటికి వెళ్లింది, జూనియర్ ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చి కొలతలు రాసుకున్నారు.

రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, తన కష్టం తీర్చమని కేంద్ర అధికారికి గాని రాష్ట్ర అధికారికి గాని పెట్టుకునే వినతిని ఆ కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. ఆ హక్కు కాగితం అర్జీకి ఉన్నట్లే ఆన్‌లైన్ అర్జీకీ ఉంటుంది. కాని తెలుగులో టైపు చేయనివ్వడంతోనే ఆ హక్కు నెరవేరినట్లు కాదు, అవతల దాన్ని అర్థం చేసుకునే మనిషి ఉండాలి. జనం మాట్లాడే భాషకు రాతలో చోటు కావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుబట్టినది మా జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లోనే. ఇక్కడి గిరిజనులైన సవరల భాషను నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేసినదీ ఆయనే. మా బ్లాకులో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి గనుక, ఈ మాట చెప్పేటప్పుడు నాకు తెలుగు ఒక్కటే గుర్తుకు రాదు.

భాష వల్ల ప్రజలు నిర్ణయానికి ఎంత దూరమవుతారో 2020లో దేశమంతా చూసింది. ఆ మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ పర్యావరణ ప్రభావ అంచనా నియమాల కొత్త ముసాయిదాను ప్రకటించి అభిప్రాయాలు కోరింది. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, ఆ ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోకి అనువదించమని ఆదేశించింది. నేను కూడా ఒక పేజీ అభిప్రాయం ఈ-మెయిలులో పంపాను. ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014 జనవరిలోనే కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. అయితే తనకు రాని భాషలో ఉన్న ముసాయిదాను 30 రోజులు కాదు, 300 రోజులు ఉంచినా మా ఊరి రైతు దానిమీద ఏమీ చెప్పలేడు.

మైగవ్ గురించి క్లుప్తంగా చెబుతాను. 2014 జులై 26న మొదలైన ఈ వేదికలో నేను పదిహేను సూచనలు రాశాను, పోటీలలో, సర్వేలలో పాల్గొన్నాను. దేశస్థాయి అంశాల మీద మాట చెప్పడానికి అది బాగుంది. మా పంచాయతీ పనికి మాత్రం అది ఉపయోగపడలేదు. సూచనలను సీపీగ్రామ్స్ ఫిర్యాదుగా తీసుకోదు, కాబట్టి ‘ఇక్కడ కల్వర్టు కడితే మంచిది’ అన్న మాటను అక్కడ పెట్టకండి.

అసలు విషయమైన ఈ-గ్రామ్ స్వరాజ్‌కు వస్తాను. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ పోర్టల్‌లో మన పంచాయతీ పేరు ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళికలో ఏ పనులున్నాయో, ఒక్కొక్క దానికి ఎంత పెట్టారో, ఏ తేదీన ఎంత చెల్లించారో కనిపిస్తుంది. ఇది చూడటానికి లాగిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. మేరీ పంచాయత్ యాప్‌లోనూ ఇవే వివరాలు ఫోనుకు అనువుగా దొరుకుతాయి. 2024 ఆగస్టులో కేంద్రపు అనువాద సాధనం భాషిణి జతచేరాక తెలుగులోనూ చదవవచ్చు. పనుల పేర్ల తెలుగు కొన్నిచోట్ల తికమకగా ఉంటుంది గాని అంకెలు, తేదీలు చూసుకోవడానికి చాలు.

మా రాష్ట్రంలో ప్రతి ఊరికీ పల్లీసభ ఉంటుంది. చట్టం ప్రకారం అది ఏటా ఫిబ్రవరిలో జరగాలి, ఆ ప్రాంతపు వార్డు మెంబరే అధ్యక్షత వహించాలి. నేను అధ్యక్షుడిగా ఉన్న ఏళ్లలో జనం కోరికలు చెప్పేవారు, మేము రాసుకునేవాళ్లం, సంతకాలు పెట్టేవారు, అంతటితో సభ ముగిసేది. 2023 పల్లీసభకు నేను మామూలు మనిషిగా వెళ్లాను. ఇప్పటి మెంబరు చదువుకున్న యువతి. ఆమె అనుమతి తీసుకుని ఫోనులో ప్రణాళిక తెరచి, పనులను ఒక్కొక్కటిగా తెలుగు చేసి చదివాను, ఆమె ఒడియాలో చెప్పింది. మూడో పనిగా మా వీధి బోరింగు పక్కన ఇంకుడు గుంత ఉంది. రావిచెట్టు మొదట్లో కూర్చున్న ఒక ముసలామె లేచి, ‘ఆ బోరింగులో నీళ్లే రావు, మరి గొయ్యి ఎందుకు మెంబరుబాబూ’ అని అడిగింది. అందరూ ఒక్కసారి అటు తిరిగారు. బోరింగు పాడై అప్పటికి ఏడాదిన్నర.

అక్కడే 15వ ఆర్థిక సంఘం నిధుల లెక్క చెప్పవలసి వచ్చింది. 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకు వచ్చే ఈ నిధుల్లో 60 శాతం ముడిపెట్టినవి. అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతాన్నే ఇతర అవసరాలకు వాడుకోవచ్చు. ఇంకుడు గుంత పారిశుధ్యపు వాటాలోది, బోరింగు మరమ్మతు తాగునీటి వాటాలోది. ముందు బోరింగు బాగుచేసి, తరువాతే గుంత తవ్వాలని సభ తీర్మానం మార్చింది. మే నెలలో బోరింగు నీళ్లిచ్చింది, జూన్‌లో దాని చెల్లింపు వోచరు పోర్టల్‌లో తేదీతో సహా కనిపించింది. ఆ పేజీని ప్రింటు తీసి బోరింగు పక్కింటి గోడకు అంటించాం. ఏడేళ్ల వాడకంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన కాగితం అదే.

కల్వర్టు సంగతి కూడా ఆ లెక్కతోనే తేలింది. గెడ్డ మీద కల్వర్టు కావాలని పదేళ్లుగా అడుగుతున్నాం, ప్రతి ఏడూ పంచాయతీ వాళ్లు కావాలనే వదిలేస్తున్నారని నేను కూడా అనుకున్నాను. అది 40 శాతం వాటాలోంచే రావాలని, ఆ వాటా ఏటా వీధుల సిమెంటు రోడ్లకే అయిపోతోందని ప్రణాళిక చదివిన తరువాతే అర్థమైంది. మా వీధివాళ్లు తమ రోడ్డును రెండేళ్లు వాయిదా వేసుకుంటామని సభలో లేచి చెప్పారు. వానాకాలంలో బడికి గెడ్డ దాటే పిల్లలు ఎక్కువమంది పై వీధి సవర ఇళ్లవాళ్లు. రోడ్డు వదులుకున్నది మా వీధి. అలాంటి నిర్ణయాన్ని ఏ ఫిర్యాదు పేజీలోనూ తీసుకోలేం.

ఏటా అక్టోబరు 2 నుంచి ప్రణాళికల తయారీ ప్రచారం జరుగుతుంది గనుక, ఫిబ్రవరి దాకా ఆగకుండా ఆ రోజుల్లోనే పోర్టల్ తెరచి, పాత ప్రణాళికలో ఏది జరిగింది, ఏది జరగలేదు అని రాసుకుని సభకు వెళ్లమని చెబుతాను. ఫోను తెలియనివాళ్లకు మెంబరో, స్వయం సహాయక సంఘం అక్కలో చదివి వినిపించవచ్చు. 2025 ఆగస్టులో సభాసార్ అనే సాధనాన్ని కేంద్రం తెచ్చింది, అది గ్రామసభ రికార్డింగు నుంచి కార్యవాహిని (మినిట్స్‌ను) తయారుచేస్తుంది. మా గెడ్డను అది కూడా దుంప అని రాయకుండా, సంతకాలకు ముందు ఆ కార్యవాహిని సభలోనే బిగ్గరగా చదివించాలి.

కల్వర్టు పేరు 2025–26 ప్రణాళికలో కనిపించింది. అంచనా మొత్తం ఎక్కించారు, చెల్లింపు గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్న టీ తాగుతూ ఆ పేజీ తెరచి చూస్తున్నాను, చూసిన తేదీ నోటుబుక్కులో రాసుకుంటున్నాను.